పర్మనెంట్ అడ్రస్ కాలమ్, ఎద్దుల మీద మన ఇల్లు

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. అన్నం తిన్నాక తీరిగ్గ చదవండి.

పోయిన నెల అశోక్‌నగర్‌లో మళ్లీ రూమ్ మారిన. మూడేళ్లలో ఇది అయిదో రూమ్. నా ఆస్తి మొత్తం ఒక ట్రంకు పెట్టె, రెండు సంచుల పుస్తకాలు, ఒక పరుపు, ఒక రైస్ కుక్కర్. ఒక్క ఆటోలో అయిపోయింది. కొత్త ఓనర్ ఒక ఫారం చేతికిచ్చి పర్మనెంట్ అడ్రస్ రాయమన్నడు. తండా పేరు, మండలం, జిల్లా రాసిచ్చిన. చూసి, "ఇంటి నంబరు లేదా బాబూ?" అన్నడు. ఉంది, కానీ నాకు గుర్తు లేదు. మా తండాలో ఇంటి నంబరు చెప్పి ఎవరినీ వెతకరు, ఫలానా వాళ్ల కొడుకు అంటే చాలు.

అదే వారం ఒక కోచింగ్ క్లాసులో తెలంగాణ చరిత్ర జరుగుతుంటే సార్ నోట్స్ చెప్పిండు: "లంబాడాలు స్థిరనివాసం లేని దేశదిమ్మరి జాతి, ఉప్పు, ధాన్యం రవాణా చేసేవారు." ఒక్క లైను, ఒక్క మార్కు బిట్టు. క్లాసులో అందరూ రాసుకున్నరు, నేను కూడా రాసుకున్న. రూముకు వచ్చినంక ఆ దేశదిమ్మరి అన్న మాట దగ్గరే ఆగిపోయిన. దిమ్మరి అంటే పని లేక, గమ్యం లేక తిరిగేటోడు. ఉప్పు మోసుకుపోయేటోనికి ఎక్కడికి పోవాలో తెలియకుండ ఎట్లుంటది? ఒకే లైనులో రెండు అబద్ధమాడుకునే మాటలు ఉన్నయని ఆ సార్‌కు తోచలేదు, రాసుకునేటప్పుడు నాకూ తోచలేదు. అందుకే ఈ పోస్టు. మనోళ్లు ఇల్లు లేక తిరగలేదు. ఇంటినే ఎద్దుల మీద వేసుకొని వ్యాపారం చేసిండ్రు. ఆ ఇంటిని రోజూ నడపడం ఎట్లా సాధ్యమైంది, అది ఎట్లా ఆగిపోయింది అన్నదే నేను రాయాలనుకున్నది.

ముందు లెక్క ఎంత పెద్దదో చూడండి. 1632లో పీటర్ ముండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆగ్రా నుంచి పాట్నా పోతూ దారిలో ఒక తండాను చూసిండు. అందులో 14,000 ఎద్దులు, అన్నిటి మీద ధాన్యం. ఆడవాళ్లు, పిల్లలు, ఇంటి సామాను అన్నీ వాటితోనే ఉన్నాయని రాసుకున్నాడు. ఒక ఎద్దు నూరు కిలోలు మోసిందని తక్కువలో తక్కువ వేసుకున్నా 1,400 టన్నులు. ఇప్పటి గూడ్స్ రైలు నిండుగా రెండున్నర వేల టన్నులు పట్టుకుపోతుంది అనుకుంటే, ఆ ఒక్క తండా సగం గూడ్స్ రైలుకు ఎక్కువే. అదే శతాబ్దంలో గోల్కొండకు వచ్చిపోయిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల గుంపులను చూశాడు. దారి ఇరుకుగా ఉన్న చోట అవి ఎదురైతే రెండు మూడు రోజులు పక్కన ఆగాల్సి వచ్చేదని రాశాడు. వీళ్లలో నాలుగు తెగలు, ఒకరిది ధాన్యం, ఒకరిది బియ్యం, ఒకరిది పప్పులు, ఒకరిది ఉప్పు, ఒకరి సరుకు ఇంకొకరు ముట్టరు, గుడారం తప్ప వేరే ఇల్లు తెలియదు అని కూడా అన్నాడు. ఆ పంపకం అంత ఖచ్చితంగా ఉండేదా అని నాకు అనుమానమే. కానీ ఉప్పు మాత్రం మన పేరులోనే ఉందంటారు. లవణం నుంచే లంబాడీ వచ్చిందని కొందరి మాట.

హైదరాబాద్‌లో కార్వాన్ అనే బస్తీ ఉంది కదా, గోల్కొండ పోయే దారిలో, టోలీ మసీదు ఉన్న చోట. ఆ పేరు వర్తకుల బిడారుల నుంచి వచ్చిందే. ఇప్పుడు కారవాన్ అంటే మనకు షూటింగుల దగ్గర ఆగి ఉండే హీరోల ఏసీ బండి గుర్తొస్తది. ఫోన్‌లో చూస్తే వ్యానునే ఇల్లు చేసుకొని ఊర్లు తిరిగేటోళ్ల వీడియోలు కూడా బోలెడు. అమెరికాల, యూరప్‌ల ఉద్యోగం చేసుకుంట ఏడాదంతా వ్యానులనో పడవలనో ఉంటరు. వాళ్ల వీడియోల్లో మొదటి ప్రశ్నలు ఎప్పుడూ ఇవే: నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి, రాత్రి ఎక్కడ ఆపాలి, ఎంత బరువు పెట్టుకోవాలి, ఉత్తరం ఏ అడ్రస్‌కు రావాలి. నవ్వొచ్చింది. ఇవన్నీ మా దాది వాళ్ల నాయనమ్మకు తెలిసిన ప్రశ్నలే.

బరువు సంగతి ముందు చెప్తా. ఎద్దు మీద వేసేది ఒక జంట గోనె. రెండు వైపులా సమానంగా వేలాడాలి. ఒక వైపు బరువు ఎక్కువైతే వీపు ఒరుసుకుపోతది, పుండు పడితే ఆ ఎద్దు నెల రోజులు పనికి రాదు. ఆ గోనెలను జనపనారతో మన ఆడవాళ్లే నేసేవాళ్లు. ఇవాళ మ్యూజియంలో అద్దాల వెనక పెట్టి హస్తకళ అని రాస్తున్న గవ్వలు, కుట్లు ఉన్న సంచులు చాలావరకు ఈ పనికి చేసుకున్నవే. ఒక కుటుంబానికి యాభై ఎద్దులు ఉన్నాయనుకుందాం. యాభై నూర్లు అయిదు వేల కిలోలు. అంటే పొద్దున్నే అయిదు టన్నులు పైకెత్తి కట్టాలి, మధ్యాహ్నం అయిదు టన్నులు దించాలి, ప్రతి రోజూ. ఒక్కరి వల్ల కాదు, ఇద్దరు చెరో వైపు పట్టాలి. అందుకే ఆడ, మగ తేడా లేకుండా ఎత్తేవాళ్లు. మన ఆడవాళ్లు గట్టోళ్లు అని ఊర్లో అనుకునే మాట వెనక ఈ బరువు ఉంది.

పొద్దు ఎక్కకముందే బయల్దేరి మధ్యాహ్నానికి ఆగిపోయేవాళ్లు. రోజుకు పది కిలోమీటర్లకు అటూ ఇటూ, అంతే. ఇంత నిదానంగా ఎందుకు? ఎందుకంటే మధ్యాహ్నం నుంచి ఎద్దులు మేయాలి. ఇదే ఈ వ్యాపారం మొత్తానికి కీలకం. మేత కొనరు, దారిలో దొరికిన గడ్డే. డీజిల్ ఖర్చు లేని లారీ అనుకోండి. బండ్ల మీద సరుకు తొందరగా పోతుంది, కానీ బండికి బాట కావాలి, ఎద్దులకు మేత కొని పెట్టాలి. వీపు మీద మోసే ఎద్దుకు బాట అక్కర్లేదు, వంతెన అక్కర్లేదు, గుట్ట అయినా, వాగు అయినా దాటుతుంది. అందుకే ఉప్పు, ధాన్యం లాంటి చవక సరుకును దూరం మోయడం మనోళ్లకే గిట్టుబాటు అయింది. హైదరాబాద్ నుంచి మచిలీపట్నం దాదాపు 340 కిలోమీటర్లు. రోజుకు పది చొప్పున నడిస్తే 34 రోజులు. పోవడం, ఉప్పు నింపుకోవడం, రావడం కలిపి రెండున్నర నెలలు. వానలు తగ్గినంక బయల్దేరితే ఎండాకాలం అయిపోయేలోపు ఎన్ని తిప్పలు తిరగొచ్చో లెక్క వేసుకొనే కదిలేవాళ్లు.

నీళ్లు ఇంకో లెక్క. ఎద్దుకు రోజుకు ముప్పై లీటర్లు తక్కువ కాకుండా కావాలి. అయిదు వందల ఎద్దుల తండాకు పదిహేను వేల లీటర్లు. మన చిక్కడపల్లి హాస్టళ్లకు ఎండాకాలంలో వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు. రోజూ మూడు ట్యాంకర్ల నీళ్లు దొరికే చెరువో, వాగో పది కిలోమీటర్లకు ఒకటి ఉండాలి, అక్కడ మేత కూడా ఉండాలి, పంట చేలు మాత్రం ఉండొద్దు. ఎద్దులు చేలో పడితే ఊరితో గొడవ. ఇట్లాంటి మజిలీలు వందల కిలోమీటర్ల పొడవునా నోటికి తెలిసి ఉండాలి. ఏ ఏడు ఏ చెరువు ఎండింది అన్నది ఎదురొచ్చే తండాను అడిగి తెలుసుకోవాలి. నాయక్ పని ఇదే. మనం ఇవాళ నాయక్ అంటే తండాలో పంచాయితీ చేసే పెద్దమనిషి అనుకుంటున్నాం గానీ, అప్పుడు ఆయన దారి తెలిసినవాడు, సరుకు బేరం చేసేవాడు, ఊరి పటేల్‌తో మాట్లాడేవాడు. ఆయన పక్కన కార్బారి, డావ్ ఉండేవాళ్లు. తప్పు చేసినవాడిని విచారించి జరిమానా వేసేది కూడా వీళ్లే. నడిచే ఊరికి ఠాణా, కచేరీ వెంట రావు కదా.

ఎక్కడ ఆగాలో కొన్ని తండాల్లో ఎద్దు చెప్పేదట. గుంపు ముందు ఒక ఎద్దును దేవుడికి విడిచి, దాని మీద ఎప్పుడూ బరువు వేయకుండా, ఎర్ర పట్టు, కుచ్చులు, గవ్వల పేర్లు, కాళ్లకు ఇత్తడి కడియాలు కట్టి నడిపించేవాళ్లు. అది అలిసి ఎక్కడ పడుకుంటే ఆ రోజు మజిలీ అక్కడే. జబ్బు చేస్తే దాని కాళ్ల దగ్గరే మొక్కేవాళ్లు. దీన్ని బేరార్‌లో పని చేసిన కంబర్లెజ్ అనే పోలీసు అధికారి 1882లో రాశాడు, మూఢనమ్మకం లాగా. నాకు అట్లా అనిపించదు. బరువు లేని ఎద్దే పడుకుందంటే, బరువున్నవి ఎంత అలిసి ఉంటాయి? ఇంకో గంట పోదాం, ఇంకో కోసు పోదాం అనే ఆశపోతు మనిషిని ఆపేందుకు అంతకంటే మంచి కట్టుబాటు లేదు.

ఆగగానే దించిన గోనెలను గోడ లాగా చుట్టూ పేర్చేవాళ్లు. మనుషులు, పిల్లలు లోపల. పెద్ద కుక్కలు కాపలా. ఇల్లంటే అదే, గోడలు కూడా అమ్మకపు సరుకే! వంటకు పిడకల కరువు లేదు. జొన్న బాటి, మిరపకాయ, పాలు, వేటాడిన మాంసం దొరికితే అది. మా దాది చెప్పేది, తిరగలి రాయిని మాత్రం ముసలి ఎద్దు మీద వేసేవాళ్లట, అమ్మకపు బరువు మోయలేని దానికి ఇంటి బరువు. చంటిపిల్లలు, నడవలేని ముసలోళ్లు కూడా అట్లాంటి ఎద్దుల మీదే. కాన్పు వస్తే తండా ఒకటో రెండో రోజులు ఆగేది, అంతకన్నా ఆగితే మేత అయిపోతది. చచ్చిపోయినవాళ్లను ఆ దారిలోనే సాగనంపి ముందుకు పోయేవాళ్లు. ఏడాది తర్వాత అదే మజిలీకి వచ్చినప్పుడు అక్కడ అన్నం పెట్టేవాళ్లని దాది అనేది. ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతు మారేది, అందుకే నేను ఎక్కువ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

డబ్బు ఎక్కడ దాచుకోవాలి? గోడ లేదు, తాళం లేదు. ఒంటి మీదే. ఫేట్యా, కాంచళికి కుట్టిన నాణేలు, వెండి, గవ్వలు, మెడలో హారాలు అన్నీ ఆ ఇంటి బ్యాంకు. అద్దాలు అడవి జంతువులను బెదరగొట్టేందుకు అని కొందరు చెప్తరు గానీ నాకు నమ్మకం లేదు. అందం కోసం కుట్టుకున్నరు అంటే ఏం తప్పు?

వానాకాలం నాలుగు నెలలు మాత్రం కదలరు. నల్లరేగడిలో ఎద్దు గిట్టలు దిగబడతయి, కృష్ణ, మూసీ పొంగుతయి, ధాన్యం తడిస్తే మొలకెత్తుతది, ఉప్పు తడిస్తే కరిగే పోతది. ఎత్తయిన చోట, గడ్డి ఉన్న చోట గుడిసెలు వేసుకొని ఉండేవాళ్లు. గోనెలు నేయడం, పశువులను అమ్మడం, పెళ్లి మాటలు, పాత తగాదాల విచారణ అన్నీ అప్పుడే. మన తీజ్ గురించి నాకు ఒక ఊహ ఉంది, తప్పయితే పెద్దలు దిద్దండి. తీజ్‌కు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు నాటి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తరు. రోజుకు పది కిలోమీటర్లు నడిచేటోళ్లకు తొమ్మిది రోజులు ఒకే చోట మొలకలు పెంచే తీరిక వానాకాలంలోనే దొరుకుతది. పండగ శ్రావణంలో రావడం ఊరికే కాదనుకుంటా. శీత్లా భవాని పండగ కూడా వానలు మొదలయ్యేటప్పుడే, పశువులకు రోగం రాకుండా. పశువు పోతే ఇల్లే పోయినట్టు కాబట్టి ఆ దేవతకు అంత విలువ.

ఇక రాజులతో సంబంధం. మన పెద్దలు చెప్పే జంగీ, భంగీల రాగిరేకు కథ చాలామందికి తెలుసు. షాజహాన్ కాలంలో దక్కనుకు వచ్చిన ఆసఫ్‌ఖాన్ సైన్యానికి జంగీ, భంగీ నాయక్‌ల ఎద్దులు తిండి మోశాయని, అందుకు బంగారు అక్షరాల ఫర్మానా ఇచ్చాడని కథ. వాళ్లవి 1,80,000 ఎద్దులని చెప్తరు. ఆ ఫర్మానాలో ఉన్న హక్కులు చూడండి: ఊరివాళ్ల కుండలో నీళ్లు తీసుకోవచ్చు, ఇంటి కప్పు మీది గడ్డి పశువులకు తీసుకోవచ్చు, తన గుర్రాలు ఉన్న చోటల్లా వీళ్ల ఎద్దులు ఉండొచ్చు. రోజుకు మూడు హత్యలు మాఫీ అని కూడా అందులో ఉందంటారు. అది మనం గొప్పగా చెప్పుకునే మాట కాదు, కథలో ఎంత నిజమో కూడా అనుమానమే. కానీ అడిగిన వరం నీళ్లు, గడ్డి అన్నది మాత్రం నమ్మబుద్ధి అవుతుంది. భూమి అడగలేదు, జాగీరు అడగలేదు. దారిలో బతికేవాడికి ఏం కావాలో అదే అడిగిండ్రు.

టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నం యుద్ధాల్లో, 1803లో మరాఠాల మీద యుద్ధంలో ఇంగ్లీషు సైన్యాలు బంజారాల ధాన్యం మీద ఆధారపడ్డాయి. సైన్యం వెంట బజారు నడవకపోతే సిపాయి పస్తు ఉండాల్సిందే. మన గురించి ఇంగ్లీషులో వచ్చిన తొలి పెద్ద వ్యాసం 1819లో బొంబాయిలో అచ్చయింది. రాసింది కెప్టెన్ జాన్ బ్రిగ్స్, హైదరాబాద్ సబ్సిడరీ ఫోర్స్‌లో పార్శీ దుబాసీ. మనోళ్ల ధాన్యం తిన్న సైన్యపు మనిషి. ఆ తర్వాత పైన చెప్పిన కంబర్లెజ్ పుస్తకం, 1882లో. అతను పోలీసు. మొదట సైన్యం వాళ్లు మన గురించి తెలుసుకోవాలనుకున్నారు, తర్వాత పోలీసులు. ఈ అరవై మూడేళ్ల మధ్య ఏం జరిగింది?

రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది. దాదాపు 200 కిలోమీటర్లు, ఎద్దుకు ఇరవై రోజుల దారి, రైలుకు ఒక్క పూట. 1889కి బెజవాడ కలిసింది. అంటే సముద్రం ఉప్పు హైదరాబాద్‌కు రైలులోనే రావచ్చు. ఇంకో పదేళ్లు దాటేసరికి మన్మాడ్ వైపు మీటర్ గేజ్ లైను కూడా వచ్చింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే ఆ పేరులోనే ఉంది సంగతి: పెట్టుబడి లండన్‌ది, లాభానికి హామీ నిజాం ఖజానాది. నష్టం వచ్చినా వాటాదారుడికి వడ్డీ వస్తుంది. ఎద్దుల మీద పెట్టుబడి పెట్టిన నాయక్‌కు అట్లాంటి హామీ ఎవరిచ్చారు? 1916లో కాచిగూడ స్టేషన్ కట్టారు. ఆ గుమ్మటాలు, మినార్ల భవనం ముందు సెల్ఫీ దిగని వాళ్లు మనలో ఉండరు. 1930లో నిజాం ప్రభుత్వమే రైల్వేను కొనేసింది. స్టేషన్‌లో చిన్న రైల్వే మ్యూజియం ఉంది, పాత వస్తువులు బాగానే పెట్టిండ్రు. ఆ రైలు ఎవరి పని తీసుకుందో చెప్పే వస్తువు ఒక్కటి కూడా నాకు కనబడలేదు. ఒక్క గోనె పెట్టినా బాగుండు.

రైలు ఒక్కటే అయితే ఎట్లనో సర్దుకునేవాళ్లేమో. రైలు పోని లోపలి ఊళ్లకు కొన్నాళ్లు మోసిండ్రు కూడా. కానీ అదే కాలంలో అడవులు రిజర్వు అయినయి, మేతకు పుల్లరి పెరిగింది. ఉచిత మేత మీద నడిచే వ్యాపారానికి మేతకు పన్ను వేస్తే ఇంకేం మిగులుతది? అప్పటికే 1871లో బ్రిటిష్ ఇండియాలో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. దాని కింద నమోదైన తెగలవాళ్లు ఠాణాలో హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. చాలా చోట్ల బంజారాలు కూడా ఆ జాబితాల్లోకి ఎక్కిండ్రు. నిజాం రాజ్యంలోనూ ఇట్లాంటి నిఘానే వచ్చింది. రెండు వందల ఏళ్లు కదలడమే పనిగా ఉన్నవాళ్లకు కదలడమే నేరమైంది. అడ్రస్ లేనివాడు దొంగ అయి ఉంటాడు అన్న ఆలోచన అప్పుడే చట్టంలోకి ఎక్కింది. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది, ఆలోచన రద్దయిందో లేదో రాత్రి పూట రోడ్డు మీద గుడారం వేసుకున్న ఏ సంచార కుటుంబాన్ని అడిగినా చెప్తరు. ఇదంతా వివరంగా తెలుసుకోవాలంటే ప్రొఫెసర్ భంగ్యా భుక్యా గారి పుస్తకం ఉంది, నిజాం పాలనలో లంబాడాల మీద, 2010లో వచ్చింది. ఇంగ్లీషులో ఉందని భయపడకండి.

ఆగిపోయినవాళ్లు ఎక్కడ ఆగిపోయిండ్రో చూడండి. ఊరికి దూరంగా, గుట్ట వాలులో, అడవి అంచున. మన తండాలు అక్కడే ఎందుకు ఉన్నయి అని చిన్నప్పుడు అనుకునేవాడిని. అవి పాత మజిలీలు, వానాకాలపు విడిదులు. ఎద్దు కోసం వెతికిన జాగా, నాగలికి మంచిది కాదు, రాళ్లు. దాన్నే సాగులోకి తెచ్చుకున్నంక దేశ్‌ముఖ్‌లు లాక్కోబోయిండ్రు. విసునూరు దేశ్‌ముఖ్ మీద ధర్మాపురం లంబాడాల పోరాటం ఆ కథే. హైదరాబాద్‌లో కూడా మనోళ్ల జాగా ఒకటి ఉండేది, గుట్టల మీద. మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకొని, ఆ గుట్టలకు మనోళ్ల పేరే పెట్టిండు. బంజారాహిల్స్. ఇవాళ అక్కడ గజం ధర ఎంతో మనకెందుకు లెండి.

అడ్రస్ వచ్చినంక కూడా కథ అయిపోలేదు. 1956లో రాష్ట్రాలు గీసినప్పుడు నిజాం రాజ్యంలోని తండాలు మూడు ముక్కలైనయి. ఒకే గోత్రం, ఒకే గోర్ బోలి, కానీ మహారాష్ట్రలో పడ్డవాళ్లు విముక్త జాతి, కర్ణాటకలో పడ్డవాళ్లు ఎస్సీ. మన దగ్గర ఇంకా విచిత్రం. కృష్ణకు అవతల ఆంధ్రలో సుగాలీలు ఎస్టీ, ఇవతల తెలంగాణలో అదే మనుషులు కాదు. 1976 సవరణ చట్టంతోనే ఇక్కడ ఎస్టీ వచ్చింది. (దీని మీద మన కోయ, గోండు మిత్రులకు ఉన్న అభ్యంతరాలు నాకు తెలుసు. ఆ చర్చ కూర్చొని మాట్లాడుకోవాల్సింది, ఈ పోస్టులో కలపను.) నేను చెప్పేది ఒక్కటే, మనం ఎవరం అన్నది మన అడ్రస్ చెప్తుంది. వంద కిలోమీటర్లు పక్కకు జరిగితే ఇంకో కులం పేరు, ఇంకో జాబితా.

ఇది నాకు పుస్తకంలో కంటే ముందు పుణెలో తెలిసింది. నాకు ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా మా యాడి, బా పుణెలో బిల్డింగ్ పనులకు పోయినప్పుడు నన్ను తీసుకుపోయిండ్రు. నీలం తాడిపత్రి గుడిసె. ఒక సైటు అయిపోతే ఇంకో సైటు. కదలాలని మేస్త్రీ చెప్పిన రోజు మా యాడి గంటలో ఇల్లంతా సర్దేది. ముందు బియ్యం, తర్వాత గిన్నెలు, అన్నిటికన్న చివర తాడిపత్రి, ఎందుకంటే మళ్లీ ముందు విప్పాల్సింది అదే. నీళ్లు ఎక్కడ వస్తయి, రాత్రి దొంగల భయం ఉందా, కిరాణా వాడు అప్పు ఇస్తడా అని కొత్త సైటుకు పోకముందే బా వెళ్లి చూసి వచ్చేటోడు. నాయక్ చేసిన పనే. ఎవరూ నేర్పలేదు, కానీ చేతులకు తెలుసు. ఒక్క తేడా. ఆ ఎద్దులు మనవి, ఆ సరుకు మీద లాభం మనది. ఈ ఇటుకలు ఎవరివో.

అక్కడ బడిలో చేర్చుకోమంటే అడ్రస్ ప్రూఫ్ అడిగిండ్రు. ఆస్పత్రిలో అడిగిండ్రు. రేషన్ ఇక్కడ ఉండిపోయింది, మేము అక్కడ ఉన్నం. మూడేళ్లు నేను బడికి పోలే. తిరిగి వచ్చి తండాలో దాది దగ్గర ఉండి ఆశ్రమ పాఠశాలలో చేరేసరికి నా ఈడు పిల్లలు నాలుగో తరగతి, నేను ఒకటి. అందుకే 2018లో తండాలను గ్రామ పంచాయతీలు చేసినప్పుడు, వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలైనప్పుడు, మా బా రోడ్డు మీద బోర్డు పెట్టిన రోజు పని మానుకొని పోయి నిలబడ్డడు. బోర్డు మీద తండా పేరులో ఒక అక్షరం తప్పు పడింది, అయినా ఫోటో దిగిండు.

ఇప్పుడు నేను అశోక్‌నగర్‌లో ఉంట. పొద్దున ఆరు గంటలకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు కుర్చీ కోసం లైను. పండగకు కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ ప్యాసింజర్. వచ్చేటప్పుడు యాడి ఇచ్చిన జొన్నపిండి, కారం, ఒక సంచి. దించేటప్పుడు ఒక వైపు బరువు ఎక్కువైతే భుజం ఒరుసుకుపోతది.

ఒక సాయం కావాలి. మీ ఇండ్లల్లో పాత గోనెలు, గవ్వల కుట్టు ఉన్నవి, ఎద్దు వీపు మీద వేసే పట్టెడలు ఏమైనా మిగిలి ఉంటే ఫోటో తీసి కింద పెట్టండి. ఇంట్లో ముసలోళ్లు ఉంటే మజిలీల పేర్లు అడిగి రాసుకోండి, ఏ చెరువు, ఏ గుట్ట, ఏ వరసలో. కోయ, గోండు, చెంచు మిత్రుల ఊళ్ల మీదుగా మా తండాలు పోయి ఉంటయి, మీ పెద్దలు మా గురించి ఏం చెప్పేవాళ్లో అది కూడా రాయండి, తిట్టైనా సరే.

మా ఇంట్లో ఒక గోనె ఉంది. ఒక పక్క చిరిగింది, గవ్వలు సగం ఊడిపోయినయి. యాడి అందులో నా పాత నోటుపుస్తకాలు వేసి అటక మీద పెట్టింది. సంక్రాంతికి పోయినప్పుడు దించి ఫోటో పెడతా.